పీచుమిఠాయి సెంటు కొనుక్కున్న మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు పంపిన బాటిల్ ఫొటో చూశాను. మొదటి జీతంతో కొనుక్కున్నావంటే సంతోషమే. కానీ "పొద్దున ఆరుసార్లు కొట్టుకున్నా మధ్యాహ్నానికి వాసనే లేదు పెద్దమ్మా" అన్నావే, అక్కడ నవ్వొచ్చింది. వాసన ఎక్కడికీ పోలేదు, నీ ముక్కు దానికి అలవాటు పడిపోయిందంతే. ఆఫీసులో పక్క సీటు అమ్మాయిని అడుగు. మొహమాటం లేనిదైతే నిజం చెబుతుంది.

విజయవాడ బీసెంట్ రోడ్డులో 22 ఏళ్లు ఫ్యాన్సీ షాపు నడిపినదాన్ని. అత్తర్లు అమ్మాను, స్ప్రేలు అమ్మాను. ఈ తీపి రకమంత మొండిది ఇంకోటి చూడలేదు. కొట్టుకోగానే రాస్‌బెర్రీ, పీచ్ గుప్పుమంటాయి చూడు, అవి అరగంట చుట్టాలు. అవి వెళ్లాక బయటపడేదే అసలు సరుకు: పాకం, వెనిలా, అడుగున పచోలీ అనే ఆకు వాసన. ఆ పాకం వాసన ఇథైల్ మాల్టాల్ అనే రసాయనానిది. పీచుమిఠాయి బండి పక్కన నిలబడితే వచ్చే వాసన లాంటిదే. 1992లో వచ్చిన ఏంజెల్ అనే ఫ్రెంచ్ సెంటులో దాన్ని దండిగా వాడారు, ఇప్పటి తీపి సెంట్లకి అదే పెద్దక్క. వెనిలా సంగతీ అంతే, కాయే అక్కర్లేదు. ఆ వాసననిచ్చే వెనిలిన్‌ని 1874లోనే జర్మనీలో తయారుచేశారు. అది పొడి, ఆవిరవడానికి మహా బద్ధకం. అందుకే రాత్రిదాకా ఒంటిని, ఉతికేదాకా బట్టని వదలదు.

పైగా నీది ఓ ద పర్ఫ్యూమ్ అనే చిక్కటి రకం. అందులో వాసన సరుకు మామూలుగా 15 నుంచి 20 శాతం ఉంటుంది. మన ఎండకి ఒళ్లు కాగి ఉంటుంది కాబట్టి అదంతా ఒక్కసారే పైకి లేస్తుంది. ఒకసారి రోహిణి కార్తెలో ఇలాంటిదే నాలుగుసార్లు కొట్టుకుని గుంటూరు బస్సెక్కాను. మంగళగిరి దాటకుండానే పక్కనున్న ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని లేచి వెనక సీటుకి వెళ్లిపోయింది. బస్సు దిగేదాకా తలెత్తలేదు నేను.

ఎండాకాలం పగలు ఒక్కసారి చాలు, అదీ బట్టల కింద, నడుము దగ్గర. సాయంత్రం పెళ్లికో రిసెప్షన్‌కో అయితే రెండుసార్లు కొట్టుకో. స్నానం చేసి, ఒంటి తడి తుడుచుకుని, కాస్త వాజలీన్ రాసి దానిమీద కొట్టు. పొడిచర్మం మీద కన్నా ఎక్కువసేపు నిలుస్తుంది. కొబ్బరినూనె మాత్రం వద్దు, మనిషివి కాస్తా కొబ్బరి లౌజు అయిపోతావు! మణికట్లు రుద్దుకోకు, ఆ ఉన్న కాసేపు పండ్ల వాసన కూడా తొందరగా ఎగిరిపోతుంది. మల్లెపూలు పెట్టుకున్న రోజు అసలు దాని జోలికే పోకు. మల్లెలకి, పాకానికి పొత్తు కుదరదు, తలనొప్పి నీకే.

తెల్లబట్టల మీద కొట్టకు. వెనిలిన్ ఉన్న సెంటు రానురాను గోధుమరంగుకి తిరుగుతుంది, బట్ట మీద మరక దిగుతుంది. నా తెల్ల మంగళగిరి చీర కుచ్చిళ్ల మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. పట్టుచీరకీ, ముత్యాల దండకీ తగలనివ్వకు. ముందు సెంటు, అది ఆరాక నగలు. బాటిల్‌ని స్కూటీ డిక్కీలోనూ, కిటికీ దగ్గరా పెట్టకు. అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టు.

ఇంకోసారి కొనేటప్పుడు షాపులో కాగితం ముక్క వాసన చూసి డబ్బులివ్వకు. అది చూపించేది చుట్టాల్నే. మణికట్టు మీద ఒకటి కొట్టించుకుని రెండు గంటలు బజారు తిరిగిరా. నా షాపుకి వచ్చినవాళ్లకీ ఇదే చెప్పేదాన్ని. సగం మంది తిరిగొచ్చేవాళ్లు కాదనుకో, అది వేరే సంగతి.

ఆదివారం వస్తానన్నావుగా, బాటిల్ తీసుకురా, నేనూ ఒకసారి చూస్తాను. బస్సెక్కే ముందు మాత్రం కొట్టుకోకు.

మీ పెద్దమ్మ