బేస్ లేనిదా, చెవి నొప్పి పెట్టేదా: ఏ ఇన్-ఇయర్ ఉంచుకోవాలి?

రెండు వైర్డ్ ఇన్-ఇయర్‌లు (చెవి కాలువలోకి దూర్చే ఇయర్‌ఫోన్లు) తెప్పించానని, ఒకదాంట్లో బేస్ పలచగా ఉందని, రెండోది నిండుగా పలుకుతున్నా గంటకల్లా చెవి నొప్పి వస్తోందని రాశారు. ఇప్పుడే ఏదీ వాపసు పంపకండి. రెండింటికీ టిప్పులు (చెవిలోకి వెళ్లే మెత్తటి తొడుగులు) మార్చి చూడకుండా తీర్పు చెప్పడం తొందరపాటే.

బేస్ లేదనిపించిన చాలా సందర్భాల్లో తప్పు డ్రైవర్‌ది (ధ్వని పుట్టించే భాగానిది) కాదు, టిప్పుకీ చెవి గోడకీ మధ్య మిగిలిన సందుది. సన్నటి సందు చాలు, మంద్ర స్థాయి మొత్తం జారిపోతుంది. గాత్రం మాత్రం మామూలుగానే వినిపిస్తుంది కాబట్టి సందు ఉందన్న అనుమానమే రాదు. దీన్ని పట్టుకోవాలంటే తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే మోగే భాగం) ఉన్న కచేరీ రికార్డింగ్ ఏదైనా పెట్టండి. మృదంగం తొప్పి వైపు (మంద్రంగా మోగే ముఖం) మోత వింటూ, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. నొక్కగానే 'గుం' అని నిండుగా మోగి, వేలు తీయగానే చప్పబడిపోతే గాలి పోతున్నట్టే. నొక్కినా తేడా లేదంటే సీల్ (సందు లేకుండా మూసుకోవడం) బాగానే ఉంది, దాని పలుకే అంత.

డబ్బాలో సాధారణంగా మూడు సైజుల టిప్పులు ఉంటాయి. మనలో చాలామంది ముందే తొడిగి ఉన్న మీడియంతోనే సరిపెట్టేసుకుంటాం. రెండు చెవులూ ఒకే కొలతలో ఉండాలని లేదండీ. ఒకవైపు మీడియం, ఇంకోవైపు లార్జ్ వేసుకోవచ్చు. పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల వెనకనుంచి తెచ్చి, చెవి పైఅంచును పట్టుకుని పైకీ వెనక్కీ లాగండి. వంపు తిరిగిన చెవి కాలువ కాస్త తిన్నగా అయి టిప్పు సరిగ్గా కూర్చుంటుంది. లోతు చాలకపోతే 'స', 'శ' అక్షరాలు చెవిలో గుచ్చుకున్నట్టు కూడా వినిపించవచ్చు.

సిలికాన్ టిప్పులు కుదరకపోతే స్పాంజిలాంటి ఫోమ్ టిప్పులు వాడండి. వేళ్ల మధ్య సన్నగా నలిపి, చెవిలో పెట్టి, 20–30 సెకన్లు వేలితో ఆపి ఉంచాలి. వెంటనే వదిలేస్తే ఉబ్బుతూ బయటికి జరుగుతుంది. ఫోమ్‌తో తారస్థాయి కొద్దిగా మెత్తబడుతుంది, చెమటకీ గుమిలికీ కొన్ని నెలల్లో పాడవుతుంది కూడా. కొనేముందు మీ ఇయర్‌ఫోన్ నాజిల్ (టిప్పు తొడిగే గొట్టం) మందం కొలవండి. ష్యూర్, ఎటిమోటిక్ కంపెనీల నాజిల్‌లు బాగా సన్నం. వాటికి లావు నాజిల్ టిప్పులు తొడిగితే తీసేటప్పుడు టిప్పు చెవిలోనే ఉండిపోగలదు. అలా జరిగితే పిన్నుతో గెలకకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక నొప్పి. అది ఎక్కడ పుడుతోందో వేలు పెట్టి చూపించగలగాలి, మందు అక్కడే ఉంది. కాలువ ద్వారం చుట్టూ ఒరుసుకుంటే టిప్పు పెద్దది, ఒక సైజు తగ్గించండి. చెవి పైన, వెనకాల నొస్తే వైరు కొక్కెం బిగుతు. వంచగలిగే రకమైతే వదులు చేయండి. లోపల గాలి బిగదీసినట్టుంటే పెట్టేటప్పుడు గాలి చిక్కుకుంది, కాస్త తిప్పి బయటికి లాగి మళ్లీ పెట్టండి. తీసేటప్పుడూ తిప్పి సీల్ వదిలించాకే లాగాలి. అదే చెవి దొప్పలో, షెల్ (ఇయర్‌ఫోన్ గట్టి ఒళ్లు) అంచు తగిలే చోట ఎర్రబడి నొస్తుంటే ఏ టిప్పూ దాన్ని మాన్పదు. ఆ షెల్ మీ చెవికి పెద్దది.

ఇవన్నీ సరిచేశాకే ధ్వని పోల్చండి. ఒకే వాల్యూమ్ అంకె మీద పోల్చారో మోసపోతారు: ఇంపిడెన్స్ (విద్యుత్తుకు అడ్డు), సెన్సిటివిటీ (అంతే కరెంటుకు ఎంత గట్టిగా మోగుతుందో) వేరు కాబట్టి ఒకటి గట్టిగా మోగుతుంది, గట్టిగా మోగేదే బాగుందనిపిస్తుంది. గాయకుడి గొంతు రెండింట్లో ఒకే గట్టిదనంతో వినిపించేలా వాల్యూమ్ సర్దుకుని, అదే 30 సెకన్ల ముక్కను మార్చి మార్చి వినండి. బేస్ కోసం వాల్యూమ్ మాత్రం పెంచకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పెద్దలకు 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలే హద్దు. 3 డెసిబెల్స్ పెరిగితే ఆ గడువు సగానికి పడిపోతుంది.

దొప్పలో నొప్పి అయితే ఎంత బాగా పలికినా రెండోదాన్ని వాపసు చేసేయండి. కాలువ ద్వారం దగ్గరైతే చిన్న టిప్పుతో రెండు రోజులు వాడి చూడండి. సీల్ నిలిచి నొప్పి తగ్గితే అదే ఉంచుకోండి.