కార్టూన్లు వేసే అమ్మాయికి ఏ చదువు?

ప్రశ్న: మాది భీమవరం. మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి కార్టూన్లు వేస్తుంది. నోట్సు వెనక పేజీల్లో పెన్సిల్‌తో గీసి, పైన పెన్నుతో దిద్ది, ఫోన్‌లో ఫొటో తీసి అందులోనే రంగులు నింపుతుంది. బీటెక్ వద్దు, బొమ్మల చదువే చదువుతానంటోంది. వాళ్ల నాన్నగారికి ఇష్టం లేదు. ఇక్కడో ఇన్‌స్టిట్యూట్ వాళ్లు డిజిటల్ ఆర్ట్ కోర్సు ఉంది, ఐప్యాడ్ కొనుక్కుని రమ్మంటున్నారు. ఇందులో బతుకుదెరువు ఉంటుందా? తను వేసిన రెండు బొమ్మలు పంపుతున్నాను. - ఒక తల్లి

జవాబు: అమ్మా, రెండు బొమ్మలూ తీరిగ్గా చూశాను. షేర్ ఆటో బొమ్మలో డ్రైవర్ పక్కన సగం బయటికి వేలాడుతూ కూర్చున్న పెద్దాయన, ఆయన ఒళ్లో కోడిపుంజు, ఆ పుంజు మొహంలో చిరాకు... మనుషుల్ని గమనించే కన్ను ఉంటే తప్ప ఇలా రాదు. ఆ కన్ను మీ అమ్మాయికి ఉంది. లేనిది బొమ్మను చివరిదాకా పూర్తి చేసే అలవాటు. ఈ రంగంలో డబ్బిచ్చేవాళ్లు పూర్తయిన బొమ్మకే ఇస్తారు. కాబట్టి కాలేజీ గురించి ఆలోచించే ముందు, వచ్చే వేసవి సెలవుల్లో తనకు ఆ పని పట్టుబడేలా చూడండి. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

నేను ఎందుకిలా అంటున్నానో ఆ ఆటో బొమ్మలోనే చూపిస్తాను. దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి చూడండి. పెద్దాయన జుట్టు చుట్టూ, చొక్కా అంచుల వెంట సన్నగా తెల్ల గీత కనిపిస్తుంది. నల్ల గీత దాకా రంగు చేరలేదు. నలుపు కూడా నిజమైన నలుపు కాదు, ఒకచోట బూడిద రంగు, ఒకచోట గోధుమ రంగు. కుడివైపు కింద మూలలో ఫోన్ పట్టుకున్న చేతి నీడ పడింది. పుంజు తోక దగ్గర రబ్బరు రుద్దినప్పుడు జెల్ పెన్ సిరా సాగి మరక అయింది. వాట్సాప్‌లో చిన్నగా చూస్తే ఇవేమీ తెలియవు. పత్రికలో అచ్చువేస్తే ప్రతిదీ కనిపిస్తుంది. ఇవన్నీ నేర్చుకుంటే పోయే లోపాలే.

ముందు సిరా సంగతి. జెల్ పెన్ పక్కన పెట్టించండి. తడి తగిలినా చెదరని వాటర్‌ప్రూఫ్ నల్ల డ్రాయింగ్ ఇంకు సీసా స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. దానితో ముంచి రాసే పాళీ ఒకటి, సన్నని మొనదేలిన బ్రష్ ఒకటి, నున్నటి కాట్రిడ్జ్ షీట్లు (మందపాటి డ్రాయింగ్ కాగితాలు) కొన్ని చాలు. పిగ్మెంట్ ఇంకు పెన్నులు వాడినా మంచిదే, కానీ వాటి గీత ఎక్కడైనా ఒకే మందంలో వస్తుంది. పాళీ, బ్రష్ అలా కాదు. నొక్కితే లావు, వదిలితే సన్నం. కార్టూన్‌కి ప్రాణం ఆ తేడాలోనే ఉంది. ముందున్న మనిషి చుట్టూ లావు గీత, లోపల బట్టల మడతలకూ ముఖంలోని ముడతలకూ సన్న గీత, నీడ పడే కిందివైపు మళ్లీ కాస్త లావు, వెనకాల ఉన్నవాటికి ఇంకా సన్నం. ఇంత చేస్తే చాలు, ఒక్క రంగూ వేయకుండా ఎవరు దగ్గర, ఎవరు దూరం అన్నది తెలిసిపోతుంది. పొడవాటి వంపులు వేళ్లతో లాగితే వణుకుతాయి, మోచేతి నుంచి చెయ్యి కదలాలి. చెయ్యి తిరగని వైపుకి కాగితమే తిప్పుకోవాలి. సిరా పూర్తిగా ఆరాకే పెన్సిల్ గీతలు చెరపాలి. మీ అమ్మాయి తొందర పడుతోంది, ఆ పుంజు తోకే సాక్ష్యం.

తర్వాత స్కానింగ్. ఫోన్ ఫొటో బదులు మీ వీధిలోని జిరాక్స్ లేదా డీటీపీ సెంటర్‌లో ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద పెట్టించండి. 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో), గ్రేస్కేల్‌లో (నలుపు, తెలుపు, మధ్యలోని బూడిద ఛాయలతో) స్కాన్ చేసి, టిఫ్ లేదా పీఎన్‌జీ ఫైల్ ఇమ్మని అడగాలి. మామూలుగా వాళ్లు 200 డీపీఐలో జేపెగ్ చేసి ఇచ్చేస్తారు. జేపెగ్‌లో నల్ల గీతల అంచుల చుట్టూ సన్నని మురికి చేరుతుంది, తర్వాత రంగు నింపేటప్పుడు అదే అడ్డం పడుతుంది. బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఫైల్ తెరిచాక లెవల్స్ (వెలుగు నీడల మోతాదు మార్చే సాధనం) సరిచేస్తే కాగితం తెల్లగా, గీత నల్లగా తేలుతుంది.

అసలు మెళకువ ఇక్కడే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితాల లాంటివి. రంగు ఎప్పుడూ గీత ఉన్న లేయర్‌లో వేయకూడదు. గీతల లేయర్ పైన ఉండాలి, దాన్ని కింది లేయర్‌తో కలిపే మల్టిప్లై అనే పద్ధతిలో పెట్టాలి. అప్పుడు తెలుపు మాయమై నలుపు మాత్రమే మిగులుతుంది. రంగులు కింద వేరే లేయర్‌లో పడాలి. ఆ రంగు నల్ల గీత అంచు దగ్గరే ఆగిపోకుండా గీత కిందకి రెండు మూడు పిక్సెళ్లు జొరబడాలి. నింపే ముందు సెలక్షన్‌ను, అంటే రంగు పడాల్సిన చోటుగా ఎంచుకున్న భాగాన్ని, ఆ మేరకు పెంచుకుంటే చాలు, ఇందాక చెప్పిన తెల్ల గీత మళ్లీ కనిపించదు. మొదట నీడలూ మెరుపులూ ఏవీ లేకుండా చొక్కాకి ఒక రంగు, చర్మానికి ఒక రంగు అని చదునుగా నింపాలి. వీటినే ఫ్లాట్స్ అంటారు. నీడలు దాని పైన ఇంకో లేయర్‌లో, వెలుగు ఎటు నుంచి వస్తోందో ముందే తేల్చుకుని వేయాలి. మీ అమ్మాయి రెండో బొమ్మలో లెక్కపెడితే పదిహేను దాకా రంగులున్నాయి, కన్ను ఎక్కడ ఆగాలో తెలియడం లేదు. కొన్నాళ్లు ఐదు రంగులకు మించి వాడొద్దని చెప్పండి. వేశాక ఒకసారి మొత్తం బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూసుకోమనండి. అందులో ముఖ్యమైన మనిషి వెంటనే కనిపించకపోతే రంగుల ఎంపిక తప్పినట్టే.

అచ్చుకి ఇవ్వాలంటే ఇంకో సంగతి ఉంది, ఇది ఇన్‌స్టిట్యూట్‌లలో కూడా చాలామంది చెప్పరు. తెర మీది రంగులు ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగుల కలయిక), అచ్చు రంగులు సీఎంవైకే (సయాన్ నీలం, మెజెంటా, పసుపు, నలుపు సిరాల కలయిక). ఫోన్‌లో ధగధగలాడే ఆకుపచ్చ, నీలం కాగితం మీద చప్పబడతాయి. అంతకన్నా ముఖ్యం, నల్ల గీత నాలుగు రంగుల మిశ్రమంగా కాకుండా నలుపు ఒక్కదానిలోనే ఉండాలి. అచ్చయ్యేటప్పుడు కాగితం వెంట్రుకవాసి జరిగినా నాలుగు రంగుల గీత అయితే అంచున ఎరుపూ నీలమూ బయటికి కనిపిస్తాయి. న్యూస్‌ప్రింట్ మీద ఇది మరీ ఎక్కువ. ఈ ఒక్క విషయం తెలిసిన పిల్లలను ఆర్ట్ డైరెక్టర్లు గుర్తుపెట్టుకుంటారు.

ఇక ఐప్యాడ్. ఇప్పుడు కొనకండి. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఏదైనా ఉంటే అందులో క్రీటా అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్ వేయించండి, పూర్తిగా ఉచితం. లేయర్లు, మల్టిప్లై, సీఎంవైకే అన్నీ అందులోనే ఉన్నాయి. చిన్న సైజు పెన్ టాబ్లెట్ (కంప్యూటర్‌కి తగిలించి పెన్నుతో గీసే పలక) ఐదు వేల లోపే వస్తుంది. ఆ ఇన్‌స్టిట్యూట్ సంగతి కూడా మొహమాటం లేకుండా చెబుతాను. ఫీజు కట్టే ముందు వెళ్లి, అక్కడ డ్రాయింగ్ చెప్పేది ఎవరు, ఆయన వేసిన బొమ్మలేవి, కిందటి బ్యాచ్ పిల్లలు పూర్తి చేసిన బొమ్మలేవి చూపించమని అడగండి. కంప్యూటర్లు, సాఫ్ట్‌వేర్ పేర్లు మాత్రమే చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి. మెనూలు నేర్చుకోవడానికి కొన్ని వారాలు చాలు. చెయ్యి కుదరడానికి ఏళ్లు పడుతుంది.

బతుకుదెరువు అడిగారు. పత్రికల్లో కార్టూనిస్టు ఉద్యోగాలు చాలా తక్కువ. ఆ ఒక్క ఉద్యోగాన్నే లక్ష్యంగా పెట్టుకోవద్దు. పని ఉన్నచోట్లు వేరే ఉన్నాయి. పిల్లల పుస్తకాలు, పాఠ్యపుస్తకాల బొమ్మలు, కామిక్స్, యానిమేషన్, మొబైల్ గేములు, ప్రకటనలు, ఆన్‌లైన్ పాఠాల కంపెనీలు. ఛోటా భీమ్ తయారైంది మన హైదరాబాద్ స్టూడియోలోనే. కామిక్స్‌లో పెన్సిల్ వేసేవాళ్లు, ఇంకింగ్ చేసేవాళ్లు (సిరాతో దిద్దేవాళ్లు), ఫ్లాట్స్ వేసేవాళ్లు, రంగులు వేసేవాళ్లు, అక్షరాలు రాసేవాళ్లు వేర్వేరుగా ఉంటారు. కొత్తవాళ్లకు మొదట దొరికేది ఫ్లాట్స్ పని, పేజీకి ఇంత అని ఇస్తారు. మొదటి రెండు మూడేళ్లు బీటెక్ చేసిన పక్కింటి అబ్బాయి జీతంతో పోలిస్తే తక్కువే ఉండొచ్చు, అది మీరు ముందే తెలుసుకుని ఉండాలి. ఏఐ గురించి కూడా వాళ్ల నాన్నగారు అడుగుతారు. నా అభిప్రాయం, ఆ ఫ్లాట్స్ లాంటి యాంత్రికమైన పనికే దానివల్ల ముందు దెబ్బ. ఒకే పాత్రను నలభై పేజీల్లో నలభై రకాల మూడ్‌లలో అదే మనిషిలా నిలబెట్టడం, ఎడిటర్ చెప్పిన మార్పు అర్థం చేసుకుని సరిగ్గా అదే మార్చడం, తన ఊరి మనుషుల్ని తన గీతలో పట్టుకోవడం, వీటికి మనిషి కావాలి. అందుకే సొంత గీత సంపాదించుకోమని ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీ జిల్లాలోనే నరసాపురంలో పుట్టిన బాపు గారు చదివింది న్యాయశాస్త్రం. చందమామలో విక్రమ్ బేతాళ బొమ్మ వేసిన శంకర్ గారు మద్రాసు ఆర్ట్ స్కూల్లో చదివారు. ఇద్దరి బొమ్మనూ సంతకం చూడకుండానే గుర్తుపడతాం. ఆర్ట్ కాలేజీలో చేరడమొక్కటే దారి అని నేను అనను. కానీ మంచి కాలేజీ దొరికితే నాలుగేళ్లు దిద్దేవాళ్ల మధ్య పని చేసే అవకాశం వస్తుంది, అది చిన్న విషయం కాదు.

ఎంపీసీ మానాల్సిన పని లేదు. డిజైన్ డిగ్రీలో చేరడానికి ఐఐటీ బాంబే నిర్వహించే యూసీడ్ ప్రవేశ పరీక్ష ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లయినా రాయొచ్చు. ఐఐటీ బాంబేతో పాటు ఢిల్లీ, గువాహటి, హైదరాబాద్ ఐఐటీలూ మరికొన్ని కాలేజీలూ ఈ ర్యాంకుతో బీడిజైన్‌లో చేర్చుకుంటాయి. పరీక్ష జనవరిలో ఉంటుంది, మొత్తం 300 మార్కుల్లో 100 డ్రాయింగ్ ఉన్న పార్ట్ బీకి. వరుసగా రెండేళ్లలో రెండుసార్లు మాత్రమే రాయగలరు, అందుకని సరదాగా ఓసారి చూద్దామని రాయించకండి. ఎన్‌ఐడీలకు (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) వేరే పరీక్ష, ప్రిలిమ్స్, మెయిన్స్ అని రెండు దశలు. అమరావతిలో ఎన్‌ఐడీ ఆంధ్రప్రదేశ్ ఉంది, అక్కడ కమ్యూనికేషన్ డిజైన్ మీ అమ్మాయికి సరిపోతుంది. యానిమేషనే కావాలంటే అహ్మదాబాద్ ఎన్‌ఐడీ. వీటిలో ఫీజు తక్కువేం కాదు, స్కాలర్‌షిప్పుల సంగతి ముందే కనుక్కోండి. అంత ఖర్చు వద్దనుకుంటే విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కడపలో ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) కోర్సులు చూడండి. ఇదే ప్రశ్న తెలంగాణ నుంచి అడిగేవాళ్లకు హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) ఉంది. బీఎఫ్ఏలో అప్లయిడ్ ఆర్ట్ (ప్రకటనలు, పుస్తకాల వంటి వాటికి వాడే కళ) అయితే ఇలస్ట్రేషన్‌కు, అంటే రాతకు బొమ్మలు వేసే పనికి, దగ్గరగా ఉంటుంది.

వాళ్ల నాన్నగారితో గొడవ వద్దు. ఇలా ఒప్పందం చేసుకోండి. తను ఈఏపీసెట్ కూడా రాస్తుంది, ఎంపీసీలో మార్కులు తగ్గనివ్వదు. మీరు వారానికి ఒక్క బొమ్మకు సమయం ఇవ్వండి. ఆ బొమ్మ పెన్సిల్ దగ్గర నుంచి అచ్చుకు పంపే ఫైల్ దాకా పూర్తి కావాలి, సగంలో వదిలేసినవి లెక్కలోకి రావు. ఏడాది చివర అందులో మంచివి పన్నెండు ఏరి ఆయన ముందు పెట్టండి. ఫైన్ ఆర్ట్స్ కాలేజీల్లో చేరేటప్పుడూ, తర్వాత పని అడిగేటప్పుడూ అవే తన పోర్ట్‌ఫోలియో. ఏడాదంతా అవకాశమిచ్చినా పన్నెండు పూర్తి చేయలేకపోతే, ఇది తనకు ఇష్టమైన కాలక్షేపం మాత్రమే అని తనకే తెలుస్తుంది, అప్పుడు బీటెక్‌లో చేరినా బాధపడదు.

ఎవరైనా బొమ్మ వేయించుకుంటే ఒరిజినల్ కాగితం, లేయర్లున్న ఫైల్ తన దగ్గరే ఉంచుకుని అచ్చుకు కావలసిన ఫైల్ మాత్రమే ఇవ్వమనండి. హక్కులు రాసిమ్మంటే ఎంతకాలానికో, దేనికోసమో కాగితం మీద ఉండాలి. మన కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా జరగాలి, గడువు రాయకపోతే ఐదేళ్లుగానే లెక్కిస్తారు.

చివరగా సర్టిఫికెట్ల విషయం, ప్రతి ఏడాదీ పిల్లలు ఇక్కడే ఇబ్బంది పడుతున్నారు. యూసీడ్, ఎన్‌ఐడీ దరఖాస్తులు సాధారణంగా సెకండియర్ మధ్యలోనే, దసరా దీపావళి రోజుల్లోనే వస్తాయి. మీరు బీసీ అయితే రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువపత్రం చాలదు, కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్న కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు, ముందు అది చూసుకోండి. ఈడబ్ల్యూఎస్ అయినా ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు. తహసీల్దార్ ఆఫీసులో జాప్యం జరగొచ్చు కాబట్టి దరఖాస్తుల ప్రకటన కోసం ఎదురుచూడకుండా సెకండియర్ మొదలవగానే సచివాలయంలో అర్జీ పెట్టేయండి.