కరెంటు బిల్లుకి ఎక్సెల్ ఫార్ములా

ప్రశ్న: హైదరాబాద్‌లో ఉంటామండి, మా ఇంటి కరెంటు బిల్లు ఎక్సెల్‌లో వేస్తే 100 యూనిట్లు దాటిన నెలలో మాత్రం తేడా వస్తోంది, ఎందుకు?

జవాబు: అందరూ తికమకపడేది అక్కడేనండి. తెలంగాణలో 2022-23 టారిఫ్ చూస్తే 100 లోపు వాడితే మొదటి 50కి యూనిట్ 1.95, మిగతాదానికి 3.10, కానీ 101 అయిందా, మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయి వందకీ 3.40 పడుతుంది, ఆపైన 200 దాకా 4.80. అంటే 100కి 252.50, 101కి 344.80, ఒక్క యూనిట్‌కి 92 రూపాయలు పైనే, అన్యాయమే అనుకోండి! బీ2లో యూనిట్లు పెట్టి ఇది కొట్టండి:

=ఇఫ్(బీ2<=100, బీ2*1.95+మ్యాక్స్(0,బీ2-50)*1.15, బీ2*3.4+మ్యాక్స్(0,బీ2-100)*1.4)

ఫంక్షన్ పేర్లు, సెల్ పేరు ఇంగ్లీషులోనే టైప్ చేయాలి. 1.15, 1.4 అనేవి రెండు శ్లాబుల రేట్ల మధ్య తేడా. ఫిక్స్‌డ్ ఛార్జీలు, డ్యూటీ ఇందులో లేవు, విడిగా కలుపుకోండి. 200 దాటితే మళ్లీ వేరే గ్రూపు, ఇంకో ఇఫ్ కావాలి.