అభిమాన నటుడు నేర్పే స్క్రీన్‌ప్లే తరగతికి వెళ్లడం వల్ల ఉపయోగం ఉంటుందా?

శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నానని, కథలు రాస్తుంటానని, చిన్నప్పటి నుంచి అభిమానించే నటుడు స్క్రీన్‌ప్లే రచన మీద తరగతులు పెడుతున్నారని, రుసుము ఇంట్లో అడగాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానని మీరు రాశారు. అడగండి. అయితే అడిగే ముందు నిర్వాహకుల నుంచి కొన్ని వివరాలు రాబట్టండి, వెళ్లే ముందు ఒక సన్నివేశమైనా రాసి చేతిలో పెట్టుకోండి. అలాంటి తరగతికి నేను విజయనగరం వెళ్లివచ్చాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

నాకు అక్కడ నేర్పిన నటుడి పేరు ఇక్కడ రాయను. తరగతిలో అనుకున్న మాటలు తన పేరుతో బయట తిరగకూడదని ఆయన మొదట్లోనే కోరారు. ఆయన నాటకాల నుంచి సినిమాకు వచ్చినవారు. నేను పుట్టిపెరిగింది పొందూరు దగ్గర పల్లె. బడిలో తెలుగు పాఠాలు చెబుతాను, నాటక పరిషత్తు పోటీలకు నాటికలు రాస్తాను. ఆయన సినిమా ఊళ్లోకి వచ్చిందంటే మా ఇంట్లో ఆ సాయంత్రం వేరే పని ఉండేది కాదు. ఆ మనిషి ఎదుట కూర్చుని రాయడం నేర్చుకోవచ్చని తెలిసినప్పుడు పొందూరులో రైలెక్కి, చీపురుపల్లి, నెల్లిమర్ల దాటేదాకా చేతిలోని నాటికను మళ్లీ మళ్లీ తిరగేస్తూనే ఉన్నాను.

మొదటి పూట పెద్దగా ఏమీ జరగదు, అది ముందే తెలుసుకోండి. గదిలో ఉన్నవారందరూ ఆయనను చూడటంలోనే మునిగిపోతారు. ఆయన మంచినీళ్లు తాగినా చూస్తారు. ఆయనకు ఈ సంగతి బాగా తెలుసు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టించి, ఫొటోలు చివరి రోజున అందరితో దిగుతానని మాటిచ్చి, మా మధ్యకు వచ్చి కూర్చున్నారు. అభిమానం తప్పేమీ కాదు. నా మటుకు నాకు అదే మేలు చేసింది. ఆయన ఇచ్చిన పనిని మరెవరు ఇచ్చినా అంత పట్టుదలగా చేసి ఉండేవాడిని కాదేమో.

ఇక అసలు సంగతి. స్క్రీన్‌ప్లే గురించి పుస్తకాల్లో ఉండేవి, అంటే మూడు అంకాలు, మలుపు ఎక్కడ రావాలి, ఇంటర్వెల్ ఎక్కడ పడాలి వంటివి, ఆయన చాలా త్వరగా ముగించేశారు. అవి మీరు ఇంట్లో చదువుకోవచ్చు. నటుడి దగ్గర మాత్రమే దొరికేది వేరే ఉంది. రచయిత సన్నివేశాన్ని బయటి నుంచి చూస్తాడు. నటుడు దాని లోపల నిలబడాలి. నిలబడినవాడికి వెంటనే కొన్ని ప్రశ్నలు పుడతాయి. గదిలోకి వచ్చేసరికి నాకు ఏమి తెలుసు? ఎదుటివారి నుంచి నాకు ఏమి కావాలి? నా చేతులు ఏ పనిలో ఉన్నాయి? అనుకున్నది దొరికాక ఇంకా ఇక్కడ ఎందుకు ఉన్నాను? మేము రాసిన ప్రతి సన్నివేశాన్నీ ఆయన ఈ ప్రశ్నలతోనే చదివారు. జవాబు లేని చోట ఆగి, పెన్సిల్‌తో ఒక చిన్న గీత పెట్టేవారు. బాగుంది, బాగాలేదు అనే తీర్పులు ఆయన నోటి నుంచి దాదాపు రాలేదు.

మన సినిమా రచయితల్లో చాలామందికి కాగితాన్ని నిలువుగా రెండుగా విడదీసి, ఎడమవైపు దృశ్యం, కుడివైపు సంభాషణ రాసే అలవాటు ఉంది. ఆయన మాకు ఆ పద్ధతిలోనే కాగితాలు ఇచ్చి, కుడివైపు ఒక్క అక్షరం కూడా రాయవద్దన్నారు. నాటికలు రాసే నాలాంటివారికి ఇది ఎంత కష్టమో చెప్పలేను. పరిషత్తు నాటికలో ఒకే సెట్టు, గంట లోపు సమయం, చివరి వరుసలో కూర్చున్నవారికి నటుడి కళ్లు కనబడవు. దుఃఖమైనా, అనుమానమైనా మాటగా మారి పైకి రావలసిందే. సినిమాలో కెమెరా ముఖం దగ్గరకు వెళ్లి నిలుచుంటుంది. అక్కడ కూడా మాటలతోనే అంతా చెప్పిస్తే, ప్రేక్షకుడు అప్పటికే చూసేసిన దాన్ని మళ్లీ వినవలసి వస్తుంది. ఈ తేడా నాకు ముందూ తెలుసు. ఎడమవైపు మాత్రమే నింపుతూ కూర్చున్నప్పుడు అది చేతికి తెలిసింది.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆ అమ్మాయి అనుమతి తీసుకునే రాస్తున్నాను. శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఒక మత్స్యకార కుటుంబం నుంచి వచ్చింది. మన తీరం నుంచి ఏటా ఎంతోమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేస్తారని మీకు తెలిసే ఉంటుంది. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. వాళ్లు కరాచీ జైలు నుంచి బయటపడి 2020 జనవరిలో ఇల్లు చేరారు. ఆ అమ్మాయి రాసిన సన్నివేశం ఆ తరువాతి కాలానిది. మళ్లీ వెరావల్ బయలుదేరుతున్న భర్త, ప్రయాణానికి ముందు రాత్రి, అన్నం వడ్డిస్తున్న భార్య. మొదటి ప్రతిలో భార్య ఒక పేజీ నిండా ఏడుస్తూ మాట్లాడుతుంది. జైలు గురించి, పిల్లల గురించి, సముద్రం గురించి. మాటలు నిజమైనవే, మంచి మాటలే. మాలో కొందరికి కళ్లు చెమర్చాయి కూడా.

ఆయన ఆ భార్య పాత్ర తానే చదివారు. చదివి, ఈమెకు భర్త ప్రయాణం ఆపాలని ఉందా అని అడిగారు. లేదు, ఆగడని ఆమెకు తెలుసు, అప్పు ఉంది అని ఆ అమ్మాయి చెప్పింది. అయితే ఈ రాత్రి అతని నుంచి ఆమెకు కావలసింది ఏమిటి అన్నారు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించింది. ఆయన తొందరపెట్టలేదు, మమ్మల్ని ఎవరినీ మాట్లాడనివ్వలేదు.

మరునాడు ఆమె తెచ్చిన సన్నివేశం ఇది. భార్య అన్నం వడ్డిస్తూ, పక్కింటివారి ఫోన్ నంబరు చెప్పమని భర్తను అడుగుతుంది. అతను జేబులోంచి ఫోన్ తీయబోతే దాన్ని లాక్కుని కొంగు కింద పెట్టుకుంటుంది. అతను తలలోంచి చెప్పాలి. ఏడో అంకె దగ్గర తడబడతాడు. మళ్లీ మొదటి నుంచి చెప్పిస్తుంది. మళ్లీ అక్కడే తప్పుతాడు. లోపలి గదిలో నిద్రపోతోందనుకున్న కూతురు ఆ అంకె గట్టిగా చెబుతుంది. అతను మూడోసారి తప్పు లేకుండా అప్పజెప్పాక భార్య ఫోన్ అతని పళ్లెం పక్కన పెట్టి, ఇంకొంచెం అన్నం వేస్తుంది.

పట్టుబడితే ముందు ఫోనే తీసేసుకుంటారు. నంబరు నోటికి వస్తే ఎవరి ద్వారా అయినా ఇంటికి కబురు అందుతుంది. ఈ మాట సన్నివేశంలో ఎవరూ అనరు. జైలు పేరెత్తరు, ఏడవరు. గదిలో ఉన్న మేమందరం మాత్రం ఊపిరి బిగబట్టాం. ఆయన ఆ సన్నివేశానికి ఒక్క అక్షరం కూడా చేర్చలేదన్నది గమనించండి. అది ఆ అమ్మాయి వాడకట్టులోంచి, ఆమెకు తెలిసిన బతుకులోంచి వచ్చింది. ఆయన అడిగింది రెండే ప్రశ్నలు. మన ప్రాంతం నుంచి వెళ్లే వారికి నేను మొదట చెప్పేది ఇదే. హైదరాబాదు కథ రాసుకుని వెళ్లకండి. మీకు తెలిసిన పలాస జీడిపప్పు పరిశ్రమ, ఉద్దానం కొబ్బరితోట, రణస్థలం దగ్గర బస్సు కోసం నిలబడే మనుషులు, వీటిలోంచి ఒక సన్నివేశం పట్టుకెళ్లండి. ప్రశ్నలకు జవాబులు మీ దగ్గర ఉంటాయి.

యాస సంగతి కూడా అక్కడే వచ్చింది. ఇది నా మనసుకు చాలా దగ్గర విషయం. సినిమాల్లో మన ఉత్తరాంధ్ర మాట ఏళ్ల తరబడి ఎక్కువగా నవ్వించే పాత్రలకే దక్కింది. ఆ అమ్మాయి కూడా భయపడి భార్యాభర్తల చేత పుస్తకాల తెలుగు మాట్లాడించింది. ఆయన వారి ఇంట్లో మాట్లాడుకున్నట్టే చదవమన్నారు. చదివింది. ఎవరూ నవ్వలేదు. నవ్వు పుట్టేది మాట తీరు వల్ల కాదని, ఆ పాత్రకు ఏమీ పట్టింపు లేనట్టు రాసినప్పుడేనని నాకు ఆ పూట స్పష్టమైంది. పాత్రకు నిజంగా ఏదో కావలసి ఉంటే ఏ యాసలోనైనా జనం నిశ్శబ్దంగా వింటారు. అయితే క్రియల చివర్లు మార్చి అది యాస అనుకోవడం చాలదు. మనవాళ్లు ఏ మాట ముందు ఆగుతారో, ఏ ప్రశ్నకు ప్రశ్నతోనే జవాబు చెబుతారో విని రాయాలి. మీరు శ్రీకాకుళంలోనే ఉన్నారు, రోజూ వింటున్నారు. ఆ అదృష్టాన్ని వాడుకోండి.

ఇక రుసుము కట్టే ముందు అడగవలసినవి. నటుడు స్వయంగా ఎన్ని గంటలు ఉంటారు? మీరు రాసింది ఎవరైనా చదువుతారా? ఎంతమందిని చేర్చుకుంటున్నారు? వందలమందిని ఒక హాలులో కూర్చోబెడితే అది ఉపన్యాసం. వినడానికి బాగుంటుంది కానీ దానికి అంత డబ్బు పెట్టవద్దు. సినిమా అవకాశం ఇప్పిస్తామని, మీ కథను నిర్మాతకు వినిపిస్తామని ప్రకటనలో ఉంటే మాత్రం అక్కడితో ఆగిపోండి. నేర్పేవారు నేర్పుతామనే చెబుతారు. నేను వెళ్లిన చోట అవకాశాల ఊసే రాలేదు. అక్కడి నుంచి ఎవరూ సినిమాలోకి వెళ్లలేదు, నాకు తెలిసినంతవరకు. నా నాటికలు మాత్రం మారాయి.

ఇంకొకటి చూడండి. ఆ నటుడు తనతోపాటు రచయితలను కూడా బోధనకు పిలుస్తున్నారా? 2009లో కమల్ హాసన్ చెన్నై ఐఐటీలో స్క్రీన్‌ప్లే శిక్షణ ఏర్పాటు చేసినప్పుడు హిందీ సినిమా రచయిత అంజుమ్ రాజబలిని, ఫ్రాన్స్ నుంచి జాన్ క్లాడ్ కారియేర్‌ను రప్పించారు. కారియేర్ అంటే స్పానిష్ దర్శకుడు బున్యుయేల్‌తో ఏళ్ల తరబడి కలిసి రాసినవారు, ఇంగ్లండుకు చెందిన నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం మన మహాభారతాన్ని రంగస్థలానికి మలిచినవారు. అంతటి తార తన పేరు చూసి వచ్చినవారిని తీసుకెళ్లి రచయితల ముందు కూర్చోబెట్టారు. ఆ గౌరవం ఉన్న చోటికి కళ్లు మూసుకుని వెళ్లవచ్చు.

తరగతికి ఇంకా సమయం ఉందన్నారు కదా, ఆ లోపు కథానిలయానికి వెళ్లండి. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మీ ఊళ్లోనే నెలకొల్పిన గ్రంథాలయం, తెలుగు కథలన్నీ ఒక్కచోట దొరకాలన్న తపనతో పెట్టింది. మీకు నచ్చిన కథ ఒకటి తీసుకోండి. పాత్ర మనసులో ఏముందో రచయిత చెప్పిన వాక్యాలు విడిగా రాసుకోండి. ఒక్కొక్క వాక్యానికి బదులు ఆ మనిషి ఏ పని చేస్తే మనకు అదే తెలుస్తుందో ఎడమవైపు రాయండి. కుడివైపు ఖాళీ. నేను ఇప్పటికీ ఇలాగే సాధన చేస్తున్నాను, బడిలో పిల్లల చేత కూడా చేయిస్తున్నాను. వాళ్లు నాకన్నా చురుగ్గా చేస్తారు.

అది సాధన వరకే సుమా. ఆ కథతో లఘుచిత్రం తీయాలన్నా రచయిత అనుమతి కావాలి. రచయిత మరణించాక కూడా 60 ఏళ్లపాటు హక్కు వారసులకు ఉంటుంది. మీ కథను ఎవరైనా ఎత్తుకుపోతారేమో అన్న భయం గురించి కూడా అడిగారు. నాటక రచయిత ఆర్.జి. ఆనంద్ వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి ఇది: ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు, దాన్ని రాసిన తీరు మీదే ఉంటుంది. కాబట్టి నోటితో ఒక వాక్యంగా చెప్పిన కథకు రక్షణ లేదు. సన్నివేశాలుగా రాసి, తేదీ వేసి, మీకు మీరే మెయిలులో పంపుకుని ఉంచుకోండి. పూర్తి స్క్రిప్టు అయ్యాక హైదరాబాదులోని తెలుగు సినీ రచయితల సంఘంలో గానీ, ముంబైలోని స్క్రీన్ రైటర్స్ అసోసియేషన్‌లో గానీ నమోదు చేయించుకోవచ్చు. తరగతికి తీసుకెళ్లే ఒక్క సన్నివేశానికి ఇంత అవసరం లేదు. అక్కడ పదిమంది చదవడమే మీకు కావలసింది.

రాసిన సన్నివేశం ఇక్కడ పెట్టాలనిపిస్తే పెట్టండి. పొందూరులో బడి వదిలాక తీరిగ్గా చదివి, జవాబు దొరకని చోట గీత పెట్టి పంపుతాను.