నివేదించబడవలెను – ఎవరు, ఎవరికి?

సందేహం: ఒక ఆస్పత్రి ప్రకటనలో ‘నవజాత శిశువులలో నేత్రాభిష్యందము తక్షణమే నివేదించబడవలెను’ అని చదివాను. నేత్రాభిష్యందం అంటే కండ్లకలకేనా? ‘నివేదించబడవలెను’ తప్పా?

సమాధానం: రెండూ తప్పులు కావు. అయినా ఆ వాక్యంతో పని జరగదు.

అభిష్యందం అంటే స్రవించడం. ఆయుర్వేదంలో కండ్లకలకకు అదే పేరు. కండ్లకలక అందరికీ తెలిసిన మాటే కానీ, కలక తేరని నీళ్లు అంటామే, ఆ కలకే ఇందులోనూ ఉంది. పుసి, చీము ఆ మాటలో లేవు. పసిబిడ్డ విషయంలో చూడవలసింది వాటినే. కాన్పు సమయంలో తల్లి నుంచి గనేరియా సోకితే సాధారణంగా 2 నుంచి 5 రోజుల్లో కళ్లు వాచి చీము కారుతుంది. చికిత్స ఆలస్యమైతే చూపే పోవచ్చు. ఈ జబ్బు కనిపిస్తే అధికారులకు చెప్పి తీరాలని ఇంగ్లండ్, వేల్స్‌లలో 1914లో నిబంధనలు పెట్టినవారు, దాన్ని పుట్టిన 21 రోజులలోపు బిడ్డ కంటి నుంచి చీము కారడంగా నిర్వచించారు. కంటికి కనిపించేదే నిర్వచనం! మంత్రసానికి నిఘంటువు అక్కర్లేదు.

ఇక ‘బడు’ సంగతి. కావ్యాల్లోనూ ఉన్న రూపమే, కొత్తది కాదు. కాకపోతే అది కర్తను దాచేస్తుంది. ‘దొంగ పట్టుబడ్డాడు’ అన్నప్పుడు పట్టుకున్నదెవరో తెలియకపోయినా నష్టం లేదు. ఇక్కడ ఎవరు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నవే ప్రకటనకు ప్రాణం. డాక్టరు నర్సు చెబుతుందనుకుంటే, నర్సు డాక్టరు చెబుతారనుకుంటుంది. ‘నివేదించు’ కూడా నాకంత నచ్చదు. నైవేద్యంతో ధాతువు పంచుకున్న మాట. చేతులు కట్టుకుని విన్నవించుకుంటున్నట్లు ఉంటుంది.

నేనైతే ఇలా రాస్తాను: ‘పుట్టిన 28 రోజులలోపు బిడ్డ కంట్లో పుసి గానీ చీము గానీ కనిపిస్తే, చూసిన డాక్టరు లేదా నర్సు వెంటనే ఆరోగ్య అధికారికి తెలియజేయాలి.’ వైద్యంలో నవజాత అంటే ఆ 28 రోజులే. మామూలు పాఠకుడు ఇవాళో నిన్ననో పుట్టిన బిడ్డ అనుకుంటాడు. అందుకే అంకె వేశాను.

పత్రికల్లో ‘కేసులు నివేదించబడ్డాయి’ అనే బదులు ‘నమోదయ్యాయి’ అంటే చాలు. అయితే అది లెక్కకెక్కిన తర్వాతి మాట. చెప్పడం, రాసుకోవడం రెండు వేర్వేరు పనులు.