పాత పటాల్లోని పుచ్చకాయను చదవబోయే ముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

పాత చిత్రాలనూ జన్యుశాస్త్రాన్నీ జోడించి పుచ్చకాయ సాగులోకి వచ్చిన తీరును పరిశోధించబోతున్నావని మీ అమ్మ చెప్పింది. నలభై ఏళ్లు విత్తనాలతోనూ ఎండిన ఆకులతోనూ గడిపినవాణ్ణి కనుక నాకు తోచింది రాస్తున్నాను.

నీకు మొట్టమొదట ఎదురయ్యే పటం ఇటలీ చిత్రకారుడు జొవాన్ని స్టాంకి 17వ శతాబ్దంలో వేసిన పండ్ల చిత్రమే. అందులో కోసిన పుచ్చకాయ గుజ్జు సుడులు తిరిగి, తెలుపు ఎక్కువై, ఎరుపు పలుచగా కనిపిస్తుంది. దాన్ని చూపించి, ఆనాటి పుచ్చకాయలన్నీ అలాగే ఉండేవనీ, ఎరుపును తెచ్చింది ఆ తర్వాతి రైతులేననీ చెప్పేవారు చాలామంది ఉన్నారు. ఆ మాట పట్టుకుని పని మొదలుపెట్టకు. 14వ శతాబ్దం చివరినాటి ఇటలీ ఆరోగ్య గ్రంథం టాకుయినుమ్ సానిటాటిస్ రాతప్రతుల్లోనే ఎర్రగుజ్జు పుచ్చకాయ ఉంది. స్టాంకి ముందున్న కాయ పూర్తిగా పండనిది కావచ్చు, ఎదుగుదలలో దెబ్బతిన్నది కావచ్చు, ఆ రకమే అలాంటిది కావచ్చు. అందుకే ఒకే ప్రాంతంలో, దగ్గరి కాలంలో వేసిన పటాలను వీలైనన్ని పోగుచేసి పక్కపక్కన పెట్టనిదే కాలక్రమం గీయవద్దు.

ఇక జన్యువుల వైపు చూడు. సఖ్ఖారాలోని ఒక ప్రాచీన ఈజిప్టు సమాధి చిత్రంలో, నాలుగు వేల ఏళ్లకు పైబడిన కాలంనాటిది, పళ్లెంలో పొడవాటి చారల కాయ ఉంది. ఇతర పండ్లతో పాటు పెట్టారు కనుక పచ్చిగా తినేవారని ఊహించవచ్చు గానీ, రుచినీ లోపలి రంగునూ ఏ చిత్రకారుడు చూపగలడు? ఆ లోటును తీర్చింది మరో సమాధిలో దొరికిన, సుమారు 3,500 ఏళ్లనాటి ఒక ఎండుటాకు. దాని డీఎన్‌ఏ చదివితే, చేదు పదార్థం తయారీని నడిపే జన్యువు చెడిపోయిందనీ, గుజ్జుకు ఎరుపునిచ్చే లైకోపీన్‌ను మరో రంగుపదార్థంగా మార్చే జన్యువు దెబ్బతిని ఎరుపు పేరుకునే వీలు కలిగిందనీ తేలింది. అయితే కాయ ఎంత పెద్దగా ఉండేదో, చారలుండేవో లేవో ఆ ఆకు చెప్పదు. దానికి మళ్లీ గోడమీది బొమ్మ దగ్గరికే రావాలి. లిబియాలో దొరికిన సుమారు ఆరు వేల ఏళ్ల విత్తనాలను చూసినప్పుడు కూడా అవి తీపి పుచ్చకాయవేనని తొందరపడకు, ఎందుకంటే వాటి జన్యుక్రమం చేదు గుజ్జు కాయలదని తేలింది, బహుశా వాటిని గింజల కోసమే తినేవారు. నేటి తీపి పుచ్చకాయకు అత్యంత దగ్గరి చుట్టం సూడాన్‌లోని కోర్దొఫాన్ కాయ అని 2021లో ప్రచురితమైన జన్యు అధ్యయనం చూపింది. దాని గుజ్జు తెల్లన, చేదు మాత్రం లేదు. చేదు ముందు పోయి, ఎరుపు తర్వాత వచ్చి ఉంటుందని అనుకోవడానికి నాకు ఇదే ఆధారంగా కనిపిస్తుంది.

రంగుల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండు. పాత తైలవర్ణ చిత్రాల్లో పసుపు రంగు వెలిసిపోయి ఆకులు నీలంగా మారడం మామూలే. ఒకప్పుడు నేను అలాంటి నీలి ఆకులను తెగులుగా భావించి రెండు పేజీల వ్యాఖ్య రాశాను. చిత్రాలను భద్రపరిచే ఒకావిడ చదివి చాలాసేపు నవ్వారు. అచ్చులో చూసిన రంగును అసలు రంగుగా లెక్కించవద్దు. ఆ చిత్రకారుడు నీకు బాగా తెలిసిన ఇతర పండ్లను ఎంత నిజంగా వేశాడో ముందు సరిచూసుకో. అవి తప్పుగా ఉంటే, పుచ్చకాయ విషయంలోనూ అతణ్ణి నమ్మలేం. తేదీ, రెండోసారి వేసిన పూతలు, మరమ్మతులు అన్నీ రాసి ఉంచుకో.

పాత ఆకు ముక్కను అడగబోయే ముందు నీ ప్రశ్న ఏమిటో కాగితంమీద స్పష్టంగా రాసుకో, డీఎన్‌ఏ తీశాక ఆ ముక్క మిగలదు. వేసవికి వచ్చేటప్పుడు నీ పటాల పట్టిక తీసుకురా. తేదీ తెలియనివాటికి పక్కన పెన్సిల్‌తో గీత పెట్టు, ముందు వాటినే చూద్దాం.

ఇట్లు,
మామయ్య