మిషన్ కొనే ముందు నేల మాట విను అల్లుడా

అల్లుడా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నా. ఆస్ట్రేలియాలో బంగారు గనుల ఊరు కల్గూర్లీలో పని కుదిరింది, రూమ్ దొరికింది, అంతవరకు సంతోషం. చివర్లో మెల్లగా అసలు సంగతి వదిలినావు చూడు, లోన్ పెట్టి, నేల్లో బంగారం వెతికే పెద్ద గోల్డ్ డిటెక్టర్ కొంటా మామా, ఆరు నెలల్లో తీరిపోతాది అని, అది విని మీ అత్త నవ్వింది గానీ నాకు నవ్వు రాలా, ఎందుకంటే ఆ ఊర్లో దిగిన కొత్తలో నేనూ సేమ్ లెక్క వేసినా. తొమ్మిదేండ్లు ఫిట్టర్‌గా ఉండి, సెలవు దొరికినప్పుడల్లా మిషన్ భుజానేసుకుని తుప్పల్లో తిరిగితే, పెట్రోలు, టైర్లు, బ్యాటరీలు తీసేయగా మిగిలింది మీ అత్త చెవులకుండే కమ్మలు. పోవద్దు అని చెప్పడంలా, పో. కానీ నాలాగ మొదటి ఏడాది వేస్ట్ చేసుకోవాకు.

చిన్నప్పుడు సెలవలకి తిరుపతి వచ్చినప్పుడు స్వర్ణముఖి ఇసకలో అయస్కాంతం తిప్పి నల్లపొడి ఏరేవాడివి, గుర్తుందా? పేపర్ మీద వేసి కింద నుంచి అయస్కాంతం జరిపితే ముళ్లపంది మాదిరి లేచి నిలబడేది. అదే మాగ్నటైట్, ఇనుము ఖనిజం. కల్గూర్లీ చుట్టూ ఎర్రనేల నిండా అట్లాంటి ఇనుమే, మట్టిలో కలిసి, గులకరాళ్లలో పట్టి, ఒకచోట ఎక్కువ, రెండడుగులు పక్కన తక్కువ. డిటెక్టర్‌కి బంగారం అంటే ఏందో తెలీదు రా. కర్ర కొసకి పళ్లెం మాదిరి ఉండే కాయిల్ నుంచి అయస్కాంత క్షేత్రం భూమిలోకి పంపిస్తాది, తిరిగొచ్చిన దాంట్లో తేడా ఉంటే అరుస్తాది, ఆ తేడా బంగారం వల్లా ఇనుపమట్టి వల్లా అనేది తేల్చుకోవాల్సింది నువ్వే. నువ్వు రోజంతా వినేది ఎక్కువగా నేల గొంతే, బంగారం గొంతు ఎప్పుడో ఒకసారి, అదీ సన్నగా.

మిషన్లు రెండు జాతులు. వీఎల్ఎఫ్ అనేది ఆపకుండా సిగ్నల్ పంపిస్తా అదే టైంలో వింటా ఉంటాది, బియ్యంగింజంత బంగారం కూడా పట్టేస్తాది, ధర తక్కువ, కానీ నేల్లో ఇనుము ఎక్కువైతే గోల గోల చేస్తాది. రెండోది పల్స్ ఇండక్షన్, పీఐ అంటారు. ఇది ఒక దెబ్బ కొట్టినట్టు పల్స్ వదిలి, ఆపేసి, ఆ తర్వాత వింటాది. పల్స్ ఆగంగానే మాగ్నటైట్ గమ్మునైపోతాది, లోహంలో మాత్రం కరెంటు ఇంకా కొంచంసేపు తిరుగుతా ఉంటాది కాబట్టి దాని మాట వినపడతాది. అందుకే చెడ్డనేలలో పీఐ రాజు. అయితే దానికీ ఒక తలనొప్పి ఉండాది, మాగ్హెమైట్ అని ఇంకో ఇనుము ఖనిజం, అడవి మంటల వేడికి కూడా పైమట్టిలో తయారవుతాది, అది పల్స్ ఆగినాక కూడా గొణుగుతానే ఉంటాది. కాబట్టి ఎన్ని వేల డాలర్ల పీఐ అయినా గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల గోలని పట్టించుకోకుండా మిషన్‌ని సర్దడం, చేయక తప్పదు. 1995లో డిటెక్టర్లు చేసే మైన్‌ల్యాబ్ కంపెనీ వాళ్ల ఎస్‌డీ 2000 అనే పీఐ మిషన్ వచ్చినాక అంతకుముందు జనం వెతికి వెతికి వదిలేసిన చోట్లలోనే మళ్లా బంగారం బయటపడింది, అదంతా ఈ నేల గోలని అణిచిపెట్టడం వల్లే. ఇప్పుడు జీపీజెడ్ 7000, జీపీఎక్స్ 6000 అని నువ్వు చెప్పినవి ఆ వంశంలోవే, మంచివే, నేను కాదనను. ముందు ఒక వారం అద్దెకి తీసుకో, లేదంటే సెకండ్ హ్యాండ్ పాతది కొను, అంతే గానీ లోన్ మాత్రం వద్దు.

గ్రౌండ్ బ్యాలెన్స్ ఎట్లా చేయాలో వీడియోలో చూసినా అంటావు, సరే, నేను చేసే పద్ధతి కూడా విను. చెత్త లేని చోటు చూసుకుని, ముందు కాయిల్‌ని అటూ ఇటూ ఊపి కింద ఏ సిగ్నల్ లేదని గట్టి చేసుకో, ఎందుకంటే కింద ఏదన్నా లోహం ఉండగా బ్యాలెన్స్ చేస్తే మిషన్ దాన్నే నేల అనుకుని మర్చిపోతాది. తర్వాత బటన్ పట్టుకుని కాయిల్‌ని నేలకి ఆనీఆనకుండా నుంచి జానెడు ఎత్తుకి, మళ్లా కిందకి, దంపుడు రోకలి మాదిరి పైకీ కిందకీ ఆడించు, తొందర లేకుండా. మొదట్లో ఎత్తితే ఒక శబ్దం, దించితే ఒక శబ్దం వస్తాది. ఆడిస్తా ఉండగా ఆ తేడా తగ్గిపోయి రెండూ ఒకటైపోతాయి, అప్పుడు వదులు. కొత్త మిషన్లు నడిచేటప్పుడు వాటంతట అవే సర్దుకుంటాయి అంటారు, నిజమే, అయినా మట్టి రంగు మారిన చోట, వాగు దాటినాక, ఎర్రమట్టి నుంచి తెల్లరాయిలోకి పొయినాక నువ్వు ఆగి మళ్లా చెయ్.

కొత్తవాళ్లు అందరూ చేసే తప్పు సెన్సిటివిటీ ఫుల్లుగా పెట్టడం. బండి కొన్న రోజే యాక్సిలేటర్ తిప్పినట్టు. చెడ్డనేలలో అది పెంచితే బంగారం కన్నా ముందు మట్టి గోల పెరుగుతాది. తగ్గించు, సౌండ్ నిలకడగా వచ్చేదాకా తగ్గించు, దాంతో ఒక అంగుళం లోతు పోతే పోనీ. హెడ్‌ఫోన్ పెట్టుకో. వెనకాల ఎప్పుడూ ఒక సన్నటి హమ్ ఉంటాది, దాన్ని శ్రుతిపెట్టె అనుకో. కచేరీలో శ్రుతి మోగతా ఉంటే గొంతు ఎక్కడ జారినా తెలుస్తాది కదా, లోతులో ఉండే బంగారం కూడా బీప్ అనదు, ఆ శ్రుతిని కొంచం వంచుతాది, అంతే. కాయిల్ నేలకి రాసుకునేంత దగ్గరగా, ఒక ఊపుకి మూడు నాలుగు సెకన్లు, ముందు ఊపు మీద సగం ఎక్కేటట్టు. ఊపు చివర్లో చెయ్యి గాల్లోకి లేస్తాది, అందరికీ లేస్తాది, అది చూసుకో.

నా మొదటి నగ్గెట్, అదే బంగారు ముక్క, దొరికిన కథ చెప్తా. మధ్యాహ్నం మూడు గంటలు, చిన్న వాగు గట్టు, శ్రుతి ఒక చోట వంగింది. అడ్డంగా ఊపినా అదే, నిలువుగా ఊపినా అదే. నేల గోల అయితే ఒక పక్క నుంచి వినపడి ఇంకో పక్క నుంచి మాయమవుతాది, అది గుర్తుపెట్టుకో. బూటుతో పైన రెండంగుళాల మట్టి గీకినా, సిగ్నల్ పోలా, ఇంకొంచం గట్టిగా వచ్చింది. మోచేతి లోతు తవ్వినాక సిగ్నల్ గుంటలో లేదు, బయట పోసిన మట్టిలోకి వచ్చేసింది. అప్పుడు ప్లాస్టిక్ చేట మాదిరి స్కూప్‌లో మట్టి ఎత్తి కాయిల్ మీద తిప్పి, అరిస్తే సగం పారేసి, మళ్లా తిప్పి, మళ్లా సగం పారేసి, చివరికి అరచేతిలో రెండు గులకలు, ఒక మట్టిపెళ్ల మిగిలినాయి. రెండు గులకలూ తీసేసినా అరుస్తా ఉంది. ఆ పెళ్లని నోట్లో నీళ్లు పోసుకుని చేతిలోకి ఊసి కడిగితే, కందిబేడంత, పసుప్పచ్చగా. తూకం ఒక గ్రాము కూడా లేదు. ఆ పొద్దు రాత్రి నిద్ర పట్టలా.

దానికి ముందు రోజు కథ మాత్రం ఎవరికీ చెప్పవాకు. పనికి వేసుకునే స్టీల్ టో బూట్లతోనే పొయినా, అడుగు తీసి అడుగు వేస్తే సిగ్నల్, ఓహో ఇదంతా బంగారు గని అనుకుని రెండు గంటలు తవ్వినా, అదంతా నా బూటే. జేబులో ఫోను, నడుముకి బెల్టు బకిల్, ఇవి కూడా అంతే. కరెంటు లైన్ల కింద కూడా మిషన్ పిచ్చిగా అరుస్తాది, దూరం జరుగు.

ఇంగ హాట్ రాక్స్. చుట్టూ నేల కన్నా ఇనుము ఎక్కువ పట్టిన రాళ్లు, నల్లగానో ఎర్రగానో బరువుగా ఉంటాయి, అచ్చం టార్గెట్ మాదిరే పలుకుతాయి. కాయిల్ నాలుగు వేళ్లు పైకెత్తి ఊపు, చాలాసార్లు రాయి గొంతు చప్పున పడిపోతాది, లోహం గొంతు మెల్లగా తగ్గుతాది. చాతకాకపోతే కాలితో తన్ని చూడు, రాయితో పాటే సిగ్నల్ జరిగితే పట్టేసుకున్నట్టే. కానీ పారేసే ముందు ఒకసారి పగలగొట్టి చూడు, క్వార్ట్జ్‌లో బంగారం పట్టి ఉండే రాళ్లూ ఉంటాయి.

చెత్త చాలా వస్తాది. 1893లో ప్యాడీ హానన్ వాళ్లు అక్కడ బంగారం చూసినప్పటి నుంచి జనం తిరిగిన నేల అది, మేకులు, సీసం గుండ్లు, డబ్బా మూతలు, బూటు మేకులు. పికాసుకి ఒక అయస్కాంతం కట్టుకో, సగం చెత్త దానికే అంటుకుంటాది. మిషన్ ఐరన్ అని చూపిస్తే వదిలేయొచ్చు కదా అంటావేమో, చెడ్డనేలలో లోతులో ఉండే బంగారాన్ని కూడా మిషన్ ఐరన్ అనే చెప్తాది. అనుమానం వస్తే తవ్వు, తవ్విన గుంత పూడ్చు. ఆ దేశంలోనే విక్టోరియా రాష్ట్రంలో 1980లో కింగోవర్ దగ్గర డిటెక్టర్‌తోనే హ్యాండ్ ఆఫ్ ఫెయిత్ అనే 27 కిలోల బంగారు ముద్ద దొరికింది, అది కూడా పెద్ద లోతులో లేదు, అడుగు లోపలే. అట్లాంటిది నీకు దొరకతాదని చెప్పడంలా, ఊరికే గుర్తొచ్చింది.

పర్మిట్ లేకుండా అడుగు పెట్టవాకు. మైనర్స్ రైట్ అని అక్కడి ప్రభుత్వం ఇచ్చే పర్మిట్ తీసుకో, ఆ నేల ఎవరి లీజులో ఉండాదో ప్రభుత్వం వాళ్ల టెన్‌గ్రాఫ్ ఆన్‌లైన్ మ్యాప్‌లో చూసుకో, మైనింగ్ లీజు అయితే ఓనర్ పర్మిషన్ కావాలి, ఎక్స్‌ప్లొరేషన్ లైసెన్స్ (ఖనిజం వెతకడానికి కంపెనీకి ఇచ్చిన) నేల అయితే అక్కడి మైనింగ్ చట్టం సెక్షన్ 20ఏ పర్మిట్ కావాలి. అక్కడి మూలవాసుల పవిత్ర స్థలాల జోలికి పోవద్దు. పాత గనుల షాఫ్టులు, అంటే నిలువు గుంతలు, వాటి నోళ్లు తుప్పల్లో కనపడకుండా ఉంటాయి, వెనక్కి వెనక్కి నడుస్తా కాయిల్ ఊపే అలవాటు ఉంటే మానుకో. ఎండాకాలం 40 దాటుతాది, మన రేణిగుంట ఎండ చూసినోడివి కదా అని ధైర్యం చేయవాకు, ఇక్కడైతే కిలోమీటరుకొక టీ కొట్టు ఉంటాది, అక్కడ ఏమీ ఉండదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ లోపల పో. ఎక్కడికి పోతా ఉండావో, ఎప్పుడు తిరిగొస్తావో రూమ్‌లో రాసిపెట్టు.

ఇంగొకటి, ఇది గట్టిగా చెప్తా ఉండా. వచ్చేటప్పుడు మిషన్ తెస్తా, మన కుప్పం పక్క చూద్దాం అన్నావే, తేవొద్దు. చిగురుగుంట, బిసానత్తం గనులు కోలారు బంగారు రాతి పట్టీకే దక్షిణం కొసలో ఉండేవి, బంగారం ఉండేమాట నిజమే, కానీ అది రాతి లోపల చాలావరకు కంటికి కనపడనంత సన్నగా ఉంటాది, టన్ను రాయి పొడి చేస్తే గ్రాముల్లో వచ్చేది. కేజీఎఫ్‌లో మూడు కిలోమీటర్ల లోతు పొయి తీసినారు, అట్లాంటిదే 2001 ఫిబ్రవరి 28న మూసేసినారు. ఆ సన్నపొడిని ఏ డిటెక్టరూ వినలేదు. పైగా మన దగ్గర 1957 గనులు, ఖనిజాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఖనిజం వెతకడమే నేరం, పాతకాలం నాణేలో నిధో దొరికినా 1878 నిధుల చట్టం ప్రకారం పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి చెప్పాల్సిందే. డిటెక్టర్ పట్టుకుని కొండల్లో తిరిగేవాణ్ణి మన వాళ్లు గుప్తనిధుల బ్యాచ్ అనుకుంటారు, శేషాచలం పక్క అయితే ఎర్రచందనం బ్యాచ్ అనుకుంటారు, రెండిట్లో ఏదైనా మీ అమ్మ స్టేషన్ చుట్టూ తిరగాల్సిందే.

కల్గూర్లీ పక్కనే ఉండే బౌల్డర్‌లో నా పాత రూమ్‌మేట్ షెడ్డులో నా పికాసు ఉండాది, పిడికి నీలం టేపు చుట్టి ఉంటాది, అయస్కాంతం ఇంగా ఊడకుండా ఉంటే అదృష్టం. నెంబర్ వాట్సాప్‌లో పెడతా, పొయి తెచ్చుకో. ఒక చిన్న సీసం ముక్క ఎక్కడన్నా జానెడు లోతులో పూడ్చి, వారం రోజులు దాని గొంతు విను, సీసం పలికేది బంగారానికి దగ్గరగానే ఉంటాది. అది అలవాటైనాక ఫోన్ చెయ్, ఎక్కడ మొదలుపెట్టాలో అప్పుడు చెప్తా.

మామ
తిరుపతి